బెంగళూరు గాలిలో సింగిల్ సిలిండర్ బండి పవర్ పెంచుకోవడం ఎలా

బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ ఎత్తు వల్ల ఎండ తక్కువని మనందరికీ తెలుసు. గాలి కూడా పలచనని బండి నడిపే వాళ్లలో ఎక్కువ మంది పట్టించుకోరు. సముద్ర తీరంతో పోలిస్తే ఇక్కడ గాలి సాంద్రత ఎనిమిది, తొమ్మిది శాతం తక్కువ. టర్బో లేని ఇంజన్ పీల్చే గాలి ఎంత తగ్గితే పవర్ కూడా దాదాపు అంతే తగ్గుతుంది. నెల్లూరులో 15 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజన్ ఇక్కడ 13.7 దగ్గర ఆగిపోతుంది. బండిలో లోపం ఏమీ లేకుండానే ఇది జరుగుతుంది.

నాకు ఈ లెక్క తెలిసే సరికి ఒక పిస్టన్ పోయింది. ఆ సంగతి కార్బొరేటర్ (గాలిలో పెట్రోల్ కలిపే భాగం) దగ్గర చెబుతాను. కె.ఆర్.పురంలో షెడ్ నడిపే మదనపల్లె అన్న దగ్గర నేను నేర్చుకున్నదీ, నా పాత 150 సీసీ బండి మీద చేసి చూసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. మొదటిసారి వెళ్లి "అన్నా, పికప్ పెంచాలి" అంటే ఆయన అన్న మాట ఇది: "ముందు దాని జబ్బేందో తెలుసుకోవల్ల గదా నాయినా, టానిక్కు తర్వాత పోద్దాం." మీరూ ఆ వరసలోనే వెళ్లండి.

పవర్ ఎక్కడి నుంచి వస్తుంది

టార్క్‌ను (ఇంజన్ తిప్పే బలాన్ని) ఆర్‌పీఎంతో (నిమిషానికి తిరిగే చుట్లతో) గుణించి 9,549తో భాగిస్తే పవర్ కిలోవాట్లలో వస్తుంది. ఒక 150 సీసీ ఇంజన్ 6,500 ఆర్‌పీఎం దగ్గర 12.5 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుందనుకుందాం. అది 8.5 కిలోవాట్లు. 9,000 దగ్గర టార్క్ 11.7కి పడిపోయినా పవర్ 11 కిలోవాట్లకు పెరుగుతుంది. అంటే మనకు రెండే దారులు. ఒక్కో పేలుడు బలం పెంచాలి, లేదా నిమిషానికి పేలుళ్ల సంఖ్య పెంచాలి.

రెండో దారి చూడటానికి సులువు, కానీ ఇంజన్‌కి ప్రమాదం. ఆర్‌పీఎం 8,500 నుంచి 9,500కి వెళ్తే పిస్టన్, కనెక్టింగ్ రాడ్ మీద పడే జడత్వ బలం 25 శాతం పెరుగుతుంది, ఎందుకంటే అది వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 70 మి.మీ. బోర్ (సిలిండర్ వెడల్పు), 90 మి.మీ. స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) ఉన్న పాత బుల్లెట్ 350ని 5,500 మీద తిప్పితే దాని పిస్టన్ సగటు వేగం సెకనుకు 16.5 మీటర్లు. 56.4 మి.మీ. స్ట్రోక్ ఉన్న 150 సీసీ బండిని 9,000 మీద తిప్పితే 16.9. బుల్లెట్ నెమ్మదిగా కొట్టుకుంటున్నట్టు వినిపిస్తుంది గానీ లోపల పిస్టన్ పడే కష్టం రెండింట్లోనూ ఒకటే. అందుకే బుల్లెట్‌ను చిన్న బండిలా తిప్పాలని చూడకండి. నేను ఎప్పుడూ మొదటి దారినే ఎంచుకుంటాను: ఉన్న ఆర్‌పీఎంలోనే ఇంజన్ ఎక్కువ గాలి పీల్చేలా, పీల్చిన దాన్ని పూర్తిగా కాల్చేలా చేయడం.

పని మొదలుపెట్టే ముందు కొలవండి

చెవికి సౌండ్ పెరిగితే పవర్ పెరిగినట్టే అనిపిస్తుంది. అందుకే కొలత కావాలి. డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద పెట్టించగలిగితే మంచిదే. లేకపోతే ఫోన్ చాలు. ఫోన్‌ను హోల్డర్‌లో స్పీడోమీటర్ కనిపించేలా పెట్టి వీడియో ఆన్ చేయండి. మూడో గేర్‌లో 30 కి.మీ. వేగంతో నిలకడగా వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి 60 వరకు వెళ్లండి. తర్వాత వీడియో చూసి 30 నుంచి 60కి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు చేసి సగటు తీయండి, అప్పుడు గాలి వాలు, రోడ్డు వాలు రెండూ కొట్టుకుపోతాయి. నేను ఆదివారం ఉదయం ఆరింటికి హోస్కోటె దాటాక దొరికే ఖాళీ రోడ్డు మీద చేస్తాను. ప్రతిసారీ అదే చోటు, అదే సమయం, ట్యాంకులో అంతే పెట్రోల్, టైర్లలో అంతే గాలి ఉండాలి.

ఒక నోటుబుక్ పెట్టుకోండి. ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి, చేశాక మళ్లీ కొలవండి. ఫిల్టర్, జెట్ (కార్బొరేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రం ఉన్న భాగం), ప్లగ్ మూడూ ఒకేరోజు మార్చేస్తే ఏది మేలు చేసిందో, ఏది చెడగొట్టిందో ఇక ఎప్పటికీ తెలియదు.

పోయిన పవర్ వెనక్కి తెచ్చుకోండి

ఐదారేళ్లు తిరిగిన బండిలో కంపెనీ ఇచ్చిన పవరే పూర్తిగా ఉండదు. నా అనుభవంలో ఎక్కువ బళ్లకు ఈ దశ పూర్తయ్యేసరికే "చాలు, ఇంక ఏమీ చేయక్కర్లేదు" అనిపిస్తుంది.

మెయిన్ స్టాండ్ వేసి వెనక చక్రం చేత్తో తిప్పండి. రెండు మూడు చుట్లు తేలిగ్గా తిరగాలి. బ్రేక్ పట్టేసి ఉంటే, చైన్ బిగుసుకుపోయి ఉంటే ముందు అది సరిచేయండి. తర్వాత క్లచ్. పై గేర్‌లో ఎత్తు రోడ్డు ఎక్కుతూ యాక్సిలరేటర్ తిప్పినప్పుడు ఇంజన్ అరుస్తూ బండి మాత్రం అలాగే ఉంటే క్లచ్ ప్లేట్లు జారుతున్నట్టు. కార్లలో వాడే ఆయిల్ పోస్తే కూడా ఇలా జరుగుతుంది, అందులో జారుడు గుణం పెంచే రసాయనాలుంటాయి. మోటార్‌సైకిల్‌కి డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉన్న ఆయిలే పోయండి.

తర్వాత టాపెట్ సెట్టింగ్, అంటే వాల్వులకీ వాటిని తెరిచే రాకర్లకీ మధ్య ఉండే సన్నటి గ్యాప్ సరిచేయడం. ఇంజన్ పూర్తిగా చల్లారాక, రాత్రంతా ఆగిన బండి అయితే ఉదయం, చేయాలి. మ్యాగ్నెట్ మీద ఉండే టి గుర్తును కేసింగ్ గుర్తుకు కలపండి. రెండు రాకర్లూ వదులుగా ఆడుతున్నాయో లేదో చూడండి. ఆడకపోతే పిస్టన్ కంప్రెషన్‌లో (గాలిని నొక్కే స్ట్రోక్‌లో) కాకుండా ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర ఉన్నట్టు, ఇంకో చుట్టు తిప్పాలి. ఫీలర్ గేజ్‌తో కంపెనీ మాన్యువల్‌లో ఇచ్చిన గ్యాప్ పెట్టండి. గ్యాప్ మరీ తక్కువైతే వేడెక్కినప్పుడు వాల్వ్ పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది, వాల్వ్ అంచు కాలిపోతుంది. కొంచెం శబ్దం వచ్చే టాపెట్‌కి భయపడకండి. అసలు శబ్దమే లేని టాపెట్‌నే అనుమానించాలి.

ఇక కంప్రెషన్ పరీక్ష. ఇంజన్ వేడి మీద ప్లగ్ తీసి గేజ్ పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి పట్టుకుని, సూది ఆగేదాకా స్టార్టర్ నొక్కండి లేదా కిక్ కొట్టండి. మాన్యువల్‌లో ఉన్న సంఖ్యతో పోల్చండి. తక్కువ వస్తే ప్లగ్ రంధ్రంలోంచి ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగ్ పెరిగితే రింగులు, బోర్ అరిగాయి. పెరగకపోతే వాల్వులు లీకవుతున్నాయి. కంప్రెషన్ లేని ఇంజన్‌కి ఖరీదైన ఫిల్టర్, సైలెన్సర్ పెట్టడం డబ్బు పారేయడమే.

ఫీలర్ గేజ్, కంప్రెషన్ గేజ్, డిజిటల్ కాలిపర్ లాంటి పనిముట్లు ఎస్.జె.పి. రోడ్డులో దొరుకుతాయి. స్పేర్లకు జె.సి. రోడ్డు. అక్కడ ఒకే భాగానికి మూడు రకాల ధరలు చెబుతారు, కాబట్టి పాత భాగం చేతిలో పట్టుకెళ్లి, పక్కపక్కన పెట్టి కొలిచి కొనండి. జెట్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. నకిలీ జెట్ల మీద ముద్రించిన నంబరుకి, లోపలి రంధ్రానికి పొంతన ఉండదు.

కార్బొరేటర్: బెంగళూరులో అసలు కథ ఇక్కడే

2020 ఏప్రిల్ 1న బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక కొత్త బళ్లలో కార్బొరేటర్ దాదాపు కనుమరుగైంది. కానీ రోడ్డు మీద పాత బళ్లు ఇంకా లక్షల్లో ఉన్నాయి, ట్యూనింగ్ అంటే వాటి యజమానులే ఎక్కువ ఆసక్తి చూపిస్తారు.

కార్బొరేటర్‌కి గాలి సాంద్రత తెలియదు. గాలి పలచబడితే పెట్రోల్ అంత తగ్గదు. 920 మీటర్ల ఎత్తులో మిక్స్చర్ నాలుగైదు శాతం రిచ్ అవుతుంది, అంటే గాలితో పోలిస్తే పెట్రోల్ ఎక్కువవుతుంది. ఇది ఒక వైపు. రెండో వైపు పెట్రోల్ మారింది. 2025లో దేశం పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలిపే లక్ష్యాన్ని చేరింది. మామూలు పెట్రోల్ ఒక కిలో కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. అందువల్ల ఇథనాల్ లేని పెట్రోల్ కోసం జెట్ వేసిన పాత కార్బొరేటర్‌లో ఈ20 (20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్) పోస్తే మిక్స్చర్ దాదాపు ఏడు శాతం లీన్ అవుతుంది, అంటే పెట్రోల్ తక్కువవుతుంది. ఎత్తు రిచ్ చేసేది, ఇథనాల్ లీన్ చేసేది, రెండూ కలిసి బెంగళూరులో చాలావరకు సర్దుకుంటాయి. కిందికి దిగితే ఆ సర్దుబాటు ఉండదు.

నేను చేసిన తప్పు ఇదే. "బెంగళూరు ఎత్తులో ఉంది, బండి రిచ్‌గా ఉంటుంది" అని ఎక్కడో చదివి మెయిన్ జెట్ రెండు సైజులు తగ్గించాను. ప్లగ్ చూడలేదు, కొలవలేదు. ఊళ్లో బండి చురుగ్గా ఉందనిపించింది. మే నెలలో నెల్లూరు బయల్దేరాను. కోలారు, ముళబాగిలు, పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగాను. చిత్తూరు, తిరుపతి వరకు బాగానే వచ్చింది. నాయుడుపేట దగ్గర హైవే మీద ఎదురుగాలిలో యాక్సిలరేటర్ దాదాపు పూర్తిగా తెరిచి పోతుంటే బండి ఒక్కసారిగా బరువెక్కింది, వెనక చక్రం పట్టేసింది. క్లచ్ లాగాను కాబట్టి పడలేదు. ఇథనాల్ ఒక పక్క, చిన్న జెట్ ఒక పక్క, తీరంలో చిక్కటి గాలి ఇంకో పక్క, మూడూ కలిసి మిక్స్చర్‌ను లీన్ చేశాయి. పిస్టన్ వేడెక్కి ఉబ్బి బోర్‌ను పట్టేసింది. బ్లాక్, పిస్టన్ కిట్ మొత్తం మార్చాల్సి వచ్చింది. ఆ చక్రం లారీ ముందు పట్టేసి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

కాబట్టి జెట్టింగ్ ఊహతో చేయకండి. కార్బొరేటర్‌లో యాక్సిలరేటర్ ఎంత తెరిచారన్న దాన్ని బట్టి వేర్వేరు భాగాలు పనిచేస్తాయి. పావు వంతు వరకు పైలట్ జెట్, స్క్రూ. పావు నుంచి ముప్పావు వరకు నీడిల్ (సూదిలాంటి కడ్డీ). ముప్పావు దాటాక మెయిన్ జెట్. యాక్సిలరేటర్ గ్రిప్ మీద తెల్ల టేపు అతికించి పావు, అర, ముప్పావు గీతలు గీసుకోండి, ఏ గీత దగ్గర బండి తడబడుతోందో చూస్తే ఏ భాగం ముట్టుకోవాలో తెలుస్తుంది.

మెయిన్ జెట్ నుంచే మొదలుపెట్టండి. కొత్త ప్లగ్ వేసి, వేడెక్కిన ఇంజన్‌తో ఖాళీగా ఉన్న ఎత్తు రోడ్డు మీద మూడో గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి పది సెకన్ల పాటు లాగండి. ఎత్తు ఎక్కుతున్నాం కాబట్టి వేగం అదుపులోనే ఉంటుంది. వెనక ఎవరూ లేరని ముందే చూసుకోండి. అలా లాగుతుండగానే క్లచ్ పట్టి, కిల్ స్విచ్ నొక్కి, పక్కన ఆపి ప్లగ్ తీయండి. పింగాణీ భాగం లేత గోధుమ రంగులో ఉంటే సరైన జెట్. తెల్లగా, సున్నం కొట్టినట్టు ఉంటే లీన్, వెంటనే పెద్ద జెట్ వేయండి. నల్లటి మసి పట్టి ఉంటే రిచ్. ఇప్పటి పెట్రోల్‌తో రంగు అంత స్పష్టంగా రాదు కాబట్టి ఒక్క ప్లగ్ చూసి నిర్ణయించకండి, రెండు మూడుసార్లు చేయండి. రెండు ప్లగ్‌ల ఇంజన్ అయితే రెండూ చూడండి. ఎటు మార్చినా ఒక్క సైజే మార్చండి. సందేహం ఉంటే పెద్ద జెట్ వైపే ఉండండి. రిచ్ మిక్స్చర్ మైలేజ్ తింటుంది, లీన్ మిక్స్చర్ పిస్టన్‌ను తింటుంది.

తర్వాత నీడిల్. క్లిప్‌ను కింది గాటుకు దించితే నీడిల్ పైకి లేచి రిచ్ అవుతుంది. కొన్ని కార్బొరేటర్లలో నీడిల్‌కి గాట్లే ఉండవు. అలాంటివాటిలో నీడిల్ తల కింద అర మి.మీ. మందం ఉన్న చిన్న వాషర్ వేస్తే అదే పని జరుగుతుంది. రోజూ సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో నడిపే వాళ్లకి మెయిన్ జెట్ కన్నా ఈ నీడిలే ఎక్కువ తేడా చూపిస్తుంది, ఎందుకంటే అక్కడ యాక్సిలరేటర్ సగం దాటేది అరుదు.

చివరగా స్క్రూ. ఇక్కడ చాలామంది పొరపడతారు. స్క్రూ ఇంజన్ వైపు ఉంటే అది మిక్స్చర్ స్క్రూ, బయటికి విప్పితే రిచ్. ఫిల్టర్ వైపు ఉంటే అది ఎయిర్ స్క్రూ, బయటికి విప్పితే లీన్. మీ బండిలో ఎటు ఉందో చూసుకున్నాకే స్క్రూడ్రైవర్ పెట్టండి. ఐడ్లింగ్ కొంచెం పెంచి, స్క్రూ పావు చుట్టు చొప్పున తిప్పుతూ ఆర్‌పీఎం ఎక్కడ గరిష్ఠంగా ఉంటుందో అక్కడ వదిలేయండి, తర్వాత ఐడ్లింగ్ మామూలుకి తగ్గించండి.

ఫ్యూయెల్ పైపు, ఫ్లోట్ బౌల్ ఓ-రింగ్ కూడా ఇప్పుడే చూడండి. పాత రబ్బరు ఇథనాల్‌కి మెత్తబడుతుంది, పగులుతుంది. ఇంటేక్ రబ్బరు పగిలితే దొంగగాలి లోపలికి పోయి జెట్ ఎంత సరిగ్గా ఉన్నా బండి లీన్‌గానే నడుస్తుంది.

ఎఫ్ఐ (ఫ్యూయెల్ ఇంజెక్షన్) బండి అయితే

ఇంత తిప్పలు ఉండవు. సెన్సర్లు గాలి ఒత్తిడి, ఉష్ణోగ్రత కొలిచి పెట్రోల్ సర్దుతాయి, ఘాట్ ఎక్కినా దిగినా మిక్స్చర్ చెడదు. కానీ పలచని గాలి వల్ల తగ్గే పవర్ మాత్రం ఎఫ్ఐలోనూ తగ్గుతుంది. మామూలు నడకలో ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) మిక్స్చర్ తానే దిద్దుకుంటుంది కాబట్టి ఫిల్టర్ మార్చినా పెద్ద తేడా తెలియదు. యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచినప్పుడు ముందే రాసి ఉన్న మ్యాప్ (ఎప్పుడు ఎంత పెట్రోల్ పోయాలో చెప్పే పట్టిక) ప్రకారం నడుస్తుంది. పవర్ పెంచాలంటే ఆ మ్యాప్ మార్చాలి. అందుకు ఈసీయూకి మధ్యలో కలిపే పిగ్గీబ్యాక్ పరికరాలున్నాయి, బెంగళూరులోనే తయారయ్యే పవర్‌ట్రానిక్ అలాంటిదే. ఏది పెట్టినా డైనో మీద, వైడ్‌బ్యాండ్ సెన్సర్ (మిక్స్చర్ కొలిచేది) పెట్టి మ్యాప్ చేయించుకోండి. వేరే వాళ్ల బండి మ్యాప్ తెచ్చి ఎక్కించడం నేను నెల్లూరు దారిలో చేసిన తప్పులాంటిదే.

ఫిల్టర్, సైలెన్సర్, చట్టం

9,000 ఆర్‌పీఎం దగ్గర ఒక ఇంటేక్ స్ట్రోక్‌కి దొరికే సమయం సెకనులో మూడు వందో వంతు. సింగిల్ సిలిండర్ ఇంజన్ ఒక్కసారి గుటక వేసి, మిగతా మూడు స్ట్రోకులు ఆగుతుంది. ఆ గుటకకు కావాల్సిన గాలి ఎయిర్‌బాక్స్‌లో సిద్ధంగా ఉంటుంది. ఎయిర్‌బాక్స్ తీసేసి కార్బొరేటర్ మూతికి కోన్ ఫిల్టర్ తగిలిస్తే శబ్దం పెరుగుతుంది, మధ్య ఆర్‌పీఎంలో లాగుడు పోతుంది, పైగా ఇంజన్ పక్కనున్న వేడి గాలిని పీలుస్తుంది. బాక్స్ అలాగే ఉంచి, లోపలి ఫిల్టర్ మాత్రం శుభ్రంగా పెట్టండి లేదా అదే కొలతలో ఉతికి వాడుకునే రకం వేయండి. మెట్రో పనులు జరిగే రోడ్ల మీద తిరిగే బండికి ఫిల్టర్ లేకుండా ఒక్క రోజు కూడా నడపకండి. ఆ సిమెంటు దుమ్ము బోర్‌ను ఆకురాయిలా గీకుతుంది.

సైలెన్సర్ మీద నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఒరిజినల్‌దే ఉంచండి. పోర్టు (ఇంజన్‌లోకి గాలి, బయటికి పొగ పోయే దారి) దగ్గర గ్యాస్కెట్ లీక్ లేకుండా, లోపల మసి పేరుకోకుండా చూసుకుంటే చాలు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండి మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. శబ్దం, పొగ నిబంధనలు మీరితే సెక్షన్ 190 కింద 10,000 వరకు జరిమానా ఉంది. చట్టం సంగతి అటుంచినా, రాత్రి పదకొండింటికి మన సందులో నిద్రపోతున్న పసిపిల్లను లేపే హక్కు మన బండికి లేదు. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే భాగం) తీసేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. బోర్ పెంచి సీసీ మార్చే కిట్ల సంగతీ అంతే. ఆర్‌సీలో ఒక సీసీ, ఇంజన్‌లో ఇంకో సీసీ ఉంటే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ దగ్గర చిక్కుల్లో పడతారు. అలాంటివి రేస్ ట్రాక్ మీద మాత్రమే తిరిగే బండికి సరిపోతాయి. ట్రాక్ మోజు ఉంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మనకు ఒక్క పూట ప్రయాణం.

హెడ్ దింపితే

కంప్రెషన్ పరీక్షలో వాల్వ్ లీక్ తేలితే హెడ్ (సిలిండర్ మీద వాల్వులు ఉండే పైభాగం) ఎలాగూ దింపాలి. అప్పుడు ఈ పనులు కలిపి చేయించుకోండి. ఇదే నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. రోడ్డు మీద ఎవరికీ కనిపించదు, వినిపించదు, ఇంజన్‌కి మాత్రం ఏళ్ల తరబడి మేలు చేస్తుంది.

వాల్వులు తీసి మసి శుభ్రం చేసి, సీటు మీద గ్రైండింగ్ పేస్ట్ రాసి రబ్బరు కప్పు కర్రతో అటూ ఇటూ తిప్పుతూ లాపింగ్ చేయాలి. ముందు గరుకు పేస్ట్, తర్వాత నునుపు పేస్ట్. సీటు చుట్టూ తెగకుండా ఒకే వెడల్పులో బూడిద రంగు గీత రావాలి. పేస్ట్ చుక్క కూడా మిగలకుండా కడిగి, వాల్వులు బిగించి, పోర్టులో పెట్రోల్ పోయండి. ఐదు నిమిషాలు చుక్క కారకపోతే సీటు కూర్చున్నట్టు.

పోర్టుల లోపల పోత పోసినప్పుడు మిగిలిన అంచులుంటాయి. వాటిని మాత్రమే చిన్న గ్రైండర్‌తో తీసేయండి. ఇంటేక్ రబ్బరు రంధ్రం, గ్యాస్కెట్, పోర్టు మూడూ మెట్టు లేకుండా కలిసేలా చూడండి. పోర్టును పెద్దది చేయకండి. పెద్దదైతే కింది ఆర్‌పీఎంలో గాలి వేగం పడిపోయి, ట్రాఫిక్‌లో బండి మొద్దుబారుతుంది. ఇంటేక్ పోర్టు అద్దంలా మెరవాల్సిన పని లేదు, 120 నంబర్ ఎమరీ గరుకు చాలు. ఎగ్జాస్ట్ వైపు నునుపు చేస్తే మసి తక్కువ పడుతుంది.

హెడ్ లేత్ మీద పెట్టించి ముఖం తీయించి కంప్రెషన్ పెంచడం పాత పద్ధతి. దానికి ముందు ఈ లెక్క చూడండి. 58 మి.మీ. బోర్, 149 సీసీ, కంప్రెషన్ రేషియో 9.5 అనుకుంటే పైన మిగిలే ఖాళీ 17.5 సీసీ. హెడ్ ముఖం 0.3 మి.మీ. తీయిస్తే సుమారు 0.8 సీసీ తగ్గి రేషియో 9.9 అవుతుంది. సిద్ధాంతం ప్రకారం దానివల్ల పెరిగేది ఒక్క శాతానికి కొంచెం పైన. ఆ ఒక్క శాతం కోసం నాకింగ్ (మిక్స్చర్ అదుపు తప్పి పేలడం) ప్రమాదం, వాల్వు పిస్టన్‌కి తగిలే ప్రమాదం రెండూ నెత్తిన పెట్టుకుంటాం. పైగా హెడ్ కిందికి దిగితే టైమింగ్ చైన్ వదులై క్యామ్ టైమింగ్ (వాల్వులు తెరుచుకునే సమయం) కొద్దిగా వెనక్కి జరుగుతుంది. ముఖం వంగి గ్యాస్కెట్ లీకవుతుంటే సమం చేయడానికి మాత్రం తీయించండి. అప్పుడు కూడా పిస్టన్ మీద వాల్వ్ గుంతల్లో పిల్లలు ఆడుకునే బంకమట్టి పెట్టి, హెడ్ తాత్కాలికంగా బిగించి, ఇంజన్ చేత్తో రెండు చుట్లు తిప్పి విప్పి చూడండి. నలిగిన మట్టి మందం ఇంటేక్ వైపు కనీసం 1 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 1.5 మి.మీ. ఉండాలి.

హెడ్ నట్లు టార్క్ రెంచ్‌తో, ఎదురెదురుగా, మూడు విడతల్లో బిగించండి. చేతి అంచనాతో బిగిస్తే హెడ్ వంగుతుంది.

స్ప్రాకెట్

"పికప్ కావాలి" అని వచ్చేవాళ్లలో ఎక్కువ మందికి కావాల్సింది పవర్ కాదు, లాగుడు. ముందు స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) 15 పళ్ల నుంచి 14కి మారిస్తే ప్రతి గేర్‌లోనూ చక్రం దగ్గర టార్క్ ఏడు శాతం పెరుగుతుంది. బెంగళూరు ఎత్తు తీసుకున్నదాంట్లో చాలావరకు వెనక్కి వచ్చినట్టే అనిపిస్తుంది. హైవే మీద అదే వేగానికి ఇంజన్ ఏడు శాతం ఎక్కువ తిరుగుతుంది, మైలేజ్ కొంచెం తగ్గుతుంది. స్పీడోమీటర్ గేర్‌బాక్స్ నుంచి కొలిచే బండి అయితే రీడింగ్ తప్పు చూపిస్తుంది, ముందు చక్రం నుంచి కొలిచేది అయితే ఇబ్బంది లేదు. ఇదీ మార్పే కాబట్టి ముందు సర్వీస్ సెంటర్‌లో మీ మోడల్‌కి కంపెనీ వేరే పళ్ల స్ప్రాకెట్ ఇస్తుందేమో అడగండి. చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపే మార్చండి.

పని అయ్యాక

హెడ్ పని చేయించుకుంటే మొదటి 500 కి.మీ. ఇంజన్‌ను పూర్తిగా లాగకండి, అలాగని ఒకే వేగంలోనూ నడపకండి. 500 దగ్గర ఆయిల్ మార్చి, ఇంజన్ చల్లారాక టాపెట్ మళ్లీ చూడండి. కొత్తగా కూర్చున్న వాల్వులు కొంచెం లోపలికి దిగుతాయి, గ్యాప్ తగ్గుతుంది. ఎత్తు ఎక్కుతూ బరువు మీద లాగేటప్పుడు ఇంజన్ లోపల గులకరాళ్లు కదిలినట్టు శబ్దం వస్తే అది నాకింగ్. వెంటనే గేర్ తగ్గించి, ఇంటికొచ్చాక జెట్, టైమింగ్ చూడండి. తర్వాత మళ్లీ ఆదివారం ఉదయం అదే రోడ్డు, అదే మూడో గేర్, 30 నుంచి 60. నోటుబుక్‌లో మొదటి పేజీ పక్కన పెట్టి చూడండి.

కార్బొరేటర్ బండి అయితే ఇంకో పని మిగిలి ఉంది. మీరు బెంగళూరుకి సరిపెట్టుకున్న జెట్ కన్నా ఒక సైజు పెద్ద మెయిన్ జెట్, చిన్న స్క్రూడ్రైవర్, ఒక ఓ-రింగ్ చిన్న డబ్బాలో వేసి టూల్ కిట్‌లో పెట్టుకోండి. నెల్లూరుకో, ఒంగోలుకో, చెన్నైకో దూర ప్రయాణం ఉంటే బయల్దేరే ముందే మార్చుకోండి. మరిచిపోయి బయల్దేరితే పలమనేరులో టీకి ఆగినప్పుడు, మొగిలి ఘాట్ దిగక ముందే మార్చేయండి. ఇంజన్ చల్లారేలోపు టీ అయిపోతుంది, తర్వాత పదిహేను నిమిషాల పని.